జీపు వెనుక స్టెప్నీ స్టాండు: బరువు డోరు మీద కాదు, చాసీ మీద పడాలి

తోటకూ పొలానికీ జీపు తిప్పే రైతులకు స్టెప్నీ విలువ చెప్పనవసరం లేదు. మామిడికాయ లోడు వేసుకుని వస్తుంటే డొంకదారిలో మేకో, పదునైన రాయో టైరులో దిగుతుంది. కనుచూపు మేరలో పంచరు షాపు ఉండదు. అప్పుడు వెనుక తగిలించి ఉన్న ఆ ఒక్క చక్రమే మనల్ని ఇంటికి చేరుస్తుంది. అయితే ఆ చక్రం బండికి దేని ఆధారంతో వేలాడుతోంది అన్నది మాత్రం మనలో చాలామందిమి చూసుకోము.

మా జీపు సంగతే చెబుతాను. పెద్ద టైర్లు వేయించాక పాత జాగాలో స్టెప్నీ పట్టలేదు. పక్క టౌనులో ఒక షెడ్డుకు తీసుకెళితే వెనుక డోరుకే ఇనుప ప్లేటు వెల్డింగు చేసి చక్రం తగిలించి ఇచ్చారు. చూడటానికి బాగానే ఉంది. నాలుగు నెలలు తిరగకముందే డోరు మూయాలంటే కాస్త పైకెత్తి తోయవలసి వచ్చింది. పాత బండి కదా అని పట్టించుకోలేదు. ఒకరోజు సాయంత్రం చెరువు కట్ట మీద వస్తుంటే, వెనుక మోటారు సైకిలు మీద వస్తున్న కుర్రవాడు అదేపనిగా హారన్ కొట్టాడు. దారి ఇవ్వలేదని విసుక్కుంటున్నాడేమో అనుకున్నాను. దిగి చూస్తే పై కీలు దగ్గర రేకు జానెడు చీలిపోయి, చక్రమంతా కింది కీలు ఒక్కదాని మీద వేలాడుతోంది. ఇంకొక్క గుంటలో పడి ఉంటే అది ఆ కుర్రవాడి మీదే పడేది.

ఆ తర్వాత తెలిసినవారిని అడిగి, పని దగ్గర నిలబడి చూసి, మళ్లీ చేయించుకున్నాను. అప్పుడు నేర్చుకున్నవే ఇక్కడ వరుసగా ఇస్తున్నాను.

స్టెప్నీ అన్న పేరు

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లనెల్లి అనే ఊరు ఉంది. ఆ ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్‌లో ఇనుప సామాను దుకాణం నడిపిన డేవీస్ సోదరులు 1904 ప్రాంతంలో అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. అప్పటిదాకా కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. ఆ వీధి పేరే చక్రానికి వచ్చింది. ఇంగ్లండులో ఆ మాట మరుగున పడినా మన దేశంలో నిలిచిపోయింది.

2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించింది. ట్యూబులెస్ టైర్లు, గాలి ఒత్తిడి తెలిపే పరికరం, పంచరు కిట్టు ఉన్న చిన్న బండ్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని చెప్పింది. తారురోడ్డు మీద తిరిగే కారుకు అది సరిపోవచ్చు. రాయి తగిలి టైరు పక్క గోడ చీలితే మాత్రం ఏ కిట్టూ పనికిరాదు. కాబట్టి పొలం బండికి స్టెప్నీ ఉండాల్సిందే.

ఎవరికి విడి స్టాండు అవసరం?

అందరికీ అవసరం లేదు. కంపెనీ ఇచ్చిన చోట, కంపెనీ ఇచ్చిన సైజు టైరు ఉంటే దాన్ని కదిలించవద్దు. కంపెనీ నుంచే డోరుకు స్టెప్నీతో వచ్చే బండ్లలో ఆ డోరు, ఆ కీళ్లు ఆ టైరు బరువుకు తగినట్టే తయారవుతాయి. కింది పరిస్థితుల్లో మాత్రం విడి స్టాండు గురించి ఆలోచించాలి.

పాత జీపు డోరు లేదా వెనుక రేకు తుప్పుపట్టి చీలుతున్నప్పుడు. అడుగున ఉండే స్టెప్నీ బురదలో, రాళ్లలో తగులుతున్నప్పుడు. దిగబడిన బండి కింద దూరి చక్రం తీయడం ఎంత కష్టమో పడ్డవారికే తెలుసు. ఆర్.సి. నిబంధనలకు లోబడి వేసిన టైరే అయినా పాత జాగాలో ఇమడనప్పుడు.

స్టాండుల్లో మూడు రకాలు

మొదటిది, డోరుకే తగిలించేది. చవక. కానీ బరువంతా పలుచని రేకు మీద, కీళ్ల మీద పడుతుంది. రెండవది, చాసీకి కదలకుండా బిగించే ఫ్రేము. గట్టిది, పాడయ్యే భాగాలు తక్కువ. అయితే డోరుకు అడ్డం వస్తుంది. ట్రేలు, పాలక్యాన్లు, ఎరువుల బస్తాలు వెనుకనుంచి ఎక్కించే బండికి పనికిరాదు. మూడవది, చాసీకి బిగించిన గట్టి బంపరు మీద ఒక కొసన కీలు పెట్టి, తలుపులా పక్కకు తిరిగే చేయి. చక్రం ఆ చేతికి ఉంటుంది. చేయి తిప్పితే డోరు మామూలుగా తెరుచుకుంటుంది. పొలం బండికి ఇదే అనువైనది. కానీ సరిగ్గా బిగించకపోతే మూడింటిలోనూ ఎక్కువ ప్రమాదం కూడా దీనితోనే.

బరువు లెక్క తెలుసుకోండి

ముందు స్టెప్నీని కాటా మీద పెట్టి తూయించండి. పాతకాలపు సన్న టైరు తేలికే. వెడల్పు టైరు రిమ్ముతో కలిపి 40 కిలోల దాకా తూగవచ్చు. చక్రం మధ్యభాగం కీలుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. కీలు పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఎత్తు 15 సెంటీమీటర్లే ఉంటే, పై బేరింగును బయటికి లాగే శక్తి 40ని 60తో హెచ్చించి 15తో భాగించినంత. అంటే 160 కిలోలు. అదే ఎత్తు 30 సెంటీమీటర్లు ఉంటే 80 కిలోలకు తగ్గుతుంది. గుంటలో పడినప్పుడు ఈ బరువు రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి అవుతుంది. పొట్టి కీలు ఎందుకు విరుగుతుందో, పొడుగు కీలు ఎందుకు నిలుస్తుందో ఈ లెక్కలోనే ఉంది.

రెండో సంగతి. చేయి మూసినప్పుడు దాని రెండో కొస గాలిలో ఉండకూడదు. చిన్న ఏటవాలు దిమ్మ మీదకు ఎక్కి గట్టిగా కూర్చోవాలి. అప్పుడు బరువులో కొంత ఆ దిమ్మ మోస్తుంది. దిమ్మ లేకుండా గడియ ఒక్కటే పెట్టి ఇస్తే ఆ స్టాండు తీసుకోవద్దు.

మూడో సంగతి. చక్రం 40 కిలోలు, స్టాండు 30 కిలోలు అనుకుంటే మొత్తం 70 కిలోలు. అంటే 45 కిలోల యూరియా బస్తా ఒకటిన్నర ఎప్పుడూ బండి వెనుక వేలాడుతున్నట్టే. ఆ మేరకు లోడు తగ్గించుకోవాలి. పైగా ఈ బరువు వెనుక ఇరుసుకు అవతల ఉంటుంది. ఇరుసుకు 90 సెంటీమీటర్లు వెనుకగా ఉంటే, ఇరుసుల మధ్య 230 సెంటీమీటర్లు ఉండే పొట్టి జీపుకు ముందు చక్రాల మీద భారం సుమారు 27 కిలోలు తగ్గుతుంది. ఘాటు ఎక్కేటప్పుడు స్టీరింగు తేలికైనట్టు అనిపిస్తే కారణం ఇదే.

కొనే ముందు కొలతలు

రిమ్ము బోల్టు రంధ్రాలను ఒక అట్టముక్క మీద అచ్చు తీసుకోండి. పాత జీపుల్లో చాలావాటికి 5 బోల్టులు, అవి ఉండే వలయం ఐదున్నర అంగుళాలు, అంటే 139.7 మిల్లీమీటర్లు. 2020లో వచ్చిన థార్ వంటి బండ్లకు 6 బోల్టులు. అచ్చు సరిపోని స్టాండు కొని, రంధ్రాలు కోలగా అరగదీసి సర్దుకోవడం పనికిరాదు.

చక్రం పెట్టాక టైరుకూ డోరుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. టైరు డోరుకు రాసుకుంటే ఆరు నెలల్లో పెయింటు పోయి తుప్పు మొదలవుతుంది. టైరు అడుగుభాగం బంపరు కంటే కిందికి దిగకూడదు. దిగితే కాలవ గట్టు దిగేటప్పుడు మొదట నేలకు తగిలేది అదే. సైలెన్సర్ గొట్టం టైరుకు వేడి తగిలేంత దగ్గరలో ఉండకూడదు. ట్రాలీ హుక్కు ఉంటే, ట్రాలీ తగిలించి మలుపు తిప్పినప్పుడు చేతికి తగలకుండా చూసుకోండి. డ్రైవరు సీట్లో కూర్చుని అద్దంలో చూడండి. వెనుక ఏమీ కనిపించకుండా చక్రం అడ్డొస్తే ఎత్తు మార్చాలి.

చాసీ పరీక్ష

స్టాండు ఎంత మంచిదైనా దాన్ని మోసేది చాసీ. వెనుక కొసన బురద గీకి, నీళ్లతో కడిగి, ఆరాక చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమని మోగితే మంచి ఇనుము. మొద్దుగా శబ్దం వచ్చినా, పెచ్చులు రాలినా లోపల తుప్పు తిన్నట్టే. అలాంటి చోట ముందు చాసీ బాగుచేయించాలి. తుప్పు మీద బోల్టు బిగిస్తే తడిసిన మట్టిగోడకు మేకు కొట్టినట్టే.

రంధ్రాలు ఎక్కడ వేయాలన్నది ముఖ్యం. చాసీ నిలువు గోడలో వేయవచ్చు. పై అంచులో, కింది అంచులో వేయకూడదు. బండి బరువుకు ఎక్కువ ఒత్తిడి పడేది ఆ అంచుల మీదే. అక్కడ రంధ్రం పడితే అక్కడినుంచే పగులు మొదలవుతుంది. చాసీకి ముందే కంపెనీ వేసిన రంధ్రాలు ఉంటే వాటినే వాడుకోండి. లోపలివైపు బ్రేకు పైపు, వైరింగు వెళుతుంటాయి. డ్రిల్లు పెట్టేముందు చేయి పెట్టి తడిమి చూసుకోవాలి.

బిగించే పద్ధతి

1. బండిని చదును నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టండి. బ్యాటరీ వైర్లు తీసేయండి.

2. బంపరును జాకీల మీద ఎత్తి, ఎక్కడ రావాలో అక్కడ నిలిపి, రెండు పక్కలా నేలనుంచి ఎత్తు కొలవండి. సమంగా వచ్చాకే సుద్దతో గుర్తులు పెట్టండి.

3. ముందు 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో సన్న రంధ్రం, తర్వాత అసలు సైజు. ఒకేసారి పెద్దది వేస్తే రంధ్రం పక్కకు జరుగుతుంది. గ్యాసుతో రంధ్రం కాల్చనివ్వవద్దు. అంచులు ఆకురాయితో నున్నగా చేసి, రెడాక్సైడ్ పూయండి.

4. బోల్టులు 12 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉందో లేదో చూసి కొనండి. అంకె లేని బోల్టు చవకగా వచ్చినా వద్దు. లోపలివైపు మామూలు వాషరు చాలదు. 6 మిల్లీమీటర్ల మందం ప్లేటు వేసి, దానిమీద నైలాన్ రింగు ఉన్న నట్టు వేయాలి. చాసీ పెట్టెలా మూసి ఉండే రకమైతే, బోల్టు వెళ్లేచోట లోపల ఇనుప గొట్టం ముక్క ఉండాలి. లేకపోతే బిగించినకొద్దీ చాసీ గోడలు లోపలికి నొక్కుకుపోతాయి.

5. బోల్టులు అన్నీ చేత్తో ఎక్కించాకే పానా పట్టండి. ఒకటి పూర్తిగా బిగించి ఇంకొకటి అనకుండా అన్నిటినీ కొంచెం కొంచెంగా బిగించాలి. 8.8 రకం 12 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 8 కిలో మీటర్ల బిగువు చాలు. అంటే అర మీటరు పొడవు పానా కొసన 16 కిలోల బలం. పానాకు పొడుగు గొట్టం తగిలించి వేలాడితే బోల్టు సాగిపోతుంది.

6. కీలు లోపల కోను బేరింగులుంటే గ్రీజు దట్టించి, చేయి అటూ ఇటూ తిప్పుతూ ఆట పోయేవరకు నట్టు బిగించండి. తర్వాత కొద్దిగా వదిలి స్ప్లిట్ పిన్ను వేయండి. పిన్ను వేయకుండా వదిలేసిన నట్టు ఏదో ఒకరోజు ఊడుతుంది. గ్రీజు నిపిల్ లేని స్టాండు కొనవద్దు.

7. చేయి మూసి, కొస దిమ్మ మీద కూర్చుందో లేదో చూడండి. గడియ వేశాక దానికి అడ్డు పిన్ను ఒకటి తప్పనిసరి. కుదుపులకు గడియ లేచినా పిన్ను ఆపుతుంది. తెరిచినప్పుడు చేయి దానంతటది తిరిగి రాకుండా ఆపే కొక్కెం కూడా ఉండాలి. ఏటవాలు నేలలో బస్తాలు దించేటప్పుడు 40 కిలోల చక్రం తిరిగి వచ్చి తగిలితే మనిషి పడిపోతాడు. పిల్లలు దగ్గరుంటే ఇంకా ప్రమాదం.

8. చివరిగా చక్రం ఎక్కించి, నట్టు కోను భాగం రిమ్మువైపు ఉండేలా, ఎదురెదురుగా బిగించండి. ఒక నట్టుకు తాళం ఉండటం మంచిది.

వెల్డింగు ఉంటే

చాసీకి స్టాండును బోల్టులతోనే బిగించాలి. వెల్డింగు వేడికి చాసీ ఇనుము గుణం మారి, అతుకు పక్కనే పగులుతుంది. బంపరుకు, చేతికి వెల్డింగు అవసరమైతే విడిగా, బండికి బిగించకముందే చేయించండి. తప్పనిసరై బండి మీదే చేయాల్సివస్తే డీజిల్ ట్యాంకు, దాని పైపులు ఎక్కడున్నాయో ముందు చూసుకోండి. దగ్గరలో ఉంటే దించాల్సిందే. ఎర్తు క్లిప్పు అతుకు పక్కనే పెట్టించండి. దూరంగా పెడితే కరెంటు కీలు బేరింగుల గుండా వెళ్లి వాటిని పాడుచేస్తుంది. కొత్త బండ్లలో కంప్యూటరు బోర్డు కూడా దెబ్బతినవచ్చు. ఒక బకెట్టు ఇసుక పక్కనే ఉంచండి.

లైట్లు, నంబరు ప్లేటు, చట్టం

చక్రం వెనుక లైట్లను గానీ, నంబరు ప్లేటును గానీ మూయకూడదు. రాత్రిపూట చెరకు బండ్లు, ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మీద వెనుక లైటు కనిపించని జీపు ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. దాన్ని మనంతట మనం పీకి వేరేచోట బిగించకూడదు. కాబట్టి ప్లేటుకు అడ్డురాని స్టాండునే ఎంచుకోండి. లైటు వైరు చేతి మీదుగా వెళ్లాల్సి వస్తే కీలు దగ్గర కొంచెం వదులు ఉంచి, రబ్బరు గొట్టంలో పెట్టాలి.

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి మరోసారి స్పష్టం చేసింది. కాబట్టి డబ్బు ఖర్చుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో, బీమా కంపెనీలో అడిగి తెలుసుకోండి. మీ బండికి కంపెనీ ఆమోదించిన స్టాండు దొరికితే మొదట దానివైపే చూడండి. పెద్ద టైర్ల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

బిగించాక పని అయిపోలేదు

మొదటిరోజే లోడు వేయవద్దు. ఖాళీ బండితో మట్టిరోడ్డు మీద ఓ పది కిలోమీటర్లు తిప్పి, దిగి చూడండి. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపితే బండి అంతా ఊగాలి. చక్రం ఒక్కటే ఊగితే ఎక్కడో వదులుంది. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500 కిలోమీటర్లకు మరోసారి బోల్టులన్నీ పానాతో చూడాలి. ప్రతి నట్టు మీదుగా ప్లేటు మీదకు తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఉంచండి. గీత విరిగి కనిపించిందంటే నట్టు కదిలినట్టే. దీనికి మెకానిక్కు అవసరం లేదు, కళ్లుంటే చాలు.

రెండు నెలలకోసారి కీలుకు గ్రీజు కొట్టాలి. వాగు దాటితే ఇంటికి రాగానే కొట్టాలి. వెల్డింగు అతుకుల దగ్గర సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులు కావచ్చు. పెయింటు వేసి కప్పేయవద్దు, చూపించండి.

ఇక స్టెప్నీ సంగతి. ఎంత గట్టి స్టాండు మీద ఉన్నా గాలి లేని స్టెప్నీ దండగ. నెలకోసారి గాలి చూడండి. మామూలు కంటే ఓ నాలుగైదు పాయింట్లు ఎక్కువే ఉంచితే అవసరానికి తగ్గించుకోవచ్చు. ఎండకు టైరు రబ్బరు చిట్లుతుంది కనుక తొడుగు వేయండి. టైరు గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఒక్కసారీ వాడకపోయినా టైరుకు వయసు మీద పడుతుంది. ఆరేళ్లు దాటితే జాగ్రత్తగా పరీక్షించి, పదేళ్లు దాటితే మార్చేయాలి. జాకీ, పానా బండిలోనే ఉన్నాయా అన్నది కూడా అప్పుడే చూసుకోండి.

గుర్తుంచుకోండి

- బరువు చాసీ మోయాలి. డోరు రేకు మోయకూడదు.
- కీలు పొడుగ్గా, రెండో కొసకు దిమ్మ, గడియకు పిన్ను. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ స్టాండు వద్దు.
- చాసీ నిలువు గోడలోనే రంధ్రాలు. అంచుల్లో వద్దు.
- 8.8 అంకె ఉన్న బోల్టులు, లోపల ప్లేటు.
- లైట్లు, నంబరు ప్లేటు కనిపించాలి. రవాణా శాఖను ముందే అడగాలి.
- డోరు మూయడం కష్టమైనా, వెనుక కొత్త చప్పుడు వచ్చినా ఆరోజే దిగి చూడాలి.

చివరి మాట నా తప్పునుంచి నేర్చుకున్నది. డోరు బరువుగా మూసుకుంటున్నప్పుడే ఇనుము చెప్పవలసింది చెప్పింది, నేనే వినలేదు. ఈ ఆదివారం తీరిక చేసుకుని మీ జీపు వెనక్కి వెళ్లి, స్టెప్నీని రెండు చేతులా పట్టుకుని ఒకసారి ఊపి చూడండి.